నూనె బోర్డు పక్కన పంచదార బోర్డు: ఫ్యాటీ లివర్ తగువు వెనుక కథ

కార్యాలయాల్లో నూనె, పంచదార బోర్డులు పెట్టి, రోజూ తినే పదార్థాల్లో ఏది ఎంత ఉందో ఉద్యోగులకు తెలియజేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 జూన్‌లో కోరింది. జులై వచ్చేసరికి ఆ మాట సమోసా, జిలేబీల మీద సిగరెట్ పెట్టెల తరహా హెచ్చరిక వస్తోందన్న ప్రచారంగా మారింది. వీధి తినుబండారాలపై అలాంటి హెచ్చరికలేవీ లేవని కేంద్రం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. వివరణతో ప్రచారం సద్దుమణిగినా అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది: కాలేయానికి కొవ్వు పట్టడంలో నూనె, పంచదార సమాన దోషులేనా?

విజయవాడకు ఈ తగువు కొత్తది కాదు. కృష్ణ ఒడ్డున, ఉండవల్లి దగ్గర మంతెన సత్యనారాయణరాజు ఆశ్రమంలో ఉప్పు, నూనె లేని వంటను ఏళ్ల తరబడి బోధించారు. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పద్ధతి అదే ఊరి ఇళ్లలోకి సరిగ్గా ఎదురు దిశలో వచ్చింది. అన్నం మానేసి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమన్నది ఆ పద్ధతి. ఒక ఇంట్లో పోపు కూడా నీళ్లతో వేస్తుంటే పక్కింట్లో పొద్దున్నే కొబ్బరినూనె గ్లాసులో పోసుకుని తాగిన రోజులవి. వైద్యులు టీవీ చర్చల్లో తీవ్రంగా అభ్యంతరం చెప్పారు, ఆచరించినవాళ్లు తమ షుగరు రిపోర్టులు చూపించారు. ఆ కేకల్లో ఒక విషయం ఎవరికీ పట్టలేదు. నూనె దగ్గర ఉత్తర దక్షిణ ధ్రువాలైన ఈ రెండు పద్ధతులూ వంటింట్లోంచి పంచదార డబ్బాను మాత్రం ఏకగ్రీవంగా బయట పెట్టించాయి.

దీన్ని యాదృచ్ఛికమని తీసిపారేయడానికి లేదు. ఎందుకో తెలియాలంటే 2005లో అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన ఒక చిన్న పరిశోధన దగ్గర ఆగాలి. ఈ వివాదంలో అసలు మలుపు అదేనని నా అభిప్రాయం.

అంతవరకు కాలేయంలో పేరుకున్న కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో మనిషి శరీరంలో ఎవరూ నేరుగా లెక్క తీయలేదు. కొవ్వు తింటే కొవ్వు పడుతుందన్నది వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టి దాన్ని ప్రశ్నించే అవసరం పెద్దగా రాలేదు. అక్కడి పరిశోధకురాలు ఎలిజబెత్ పార్క్స్ బృందం ఫ్యాటీ లివర్ ఉన్న, లివర్ బయాప్సీకి (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు) సిద్ధమవుతున్న తొమ్మిది మంది స్థూలకాయులను ఎంచుకుంది. బయాప్సీకి ముందు 4 రోజుల పాటు వాళ్లకు అపాయం లేని ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులతో) గుర్తుపెట్టిన పదార్థాలను కొంత ఆహారంలో, కొంత రక్తంలోకి ఎక్కించి ఇచ్చారు. తిన్న కొవ్వుకు ఒక గుర్తు, ఒంట్లో నిల్వ ఉండి రక్తంలోకి వచ్చే కొవ్వుకు ఇంకో గుర్తు, కాలేయం తనంతట తాను కొత్తగా తయారుచేసే కొవ్వుకు మరో గుర్తు. తర్వాత బయాప్సీలో తీసిన ముక్కలో ఏ గుర్తు ఎంత ఉందో చూశారు.

కాలేయంలోని కొవ్వులో 59 శాతం రక్తంలో తిరిగే కొవ్వు ఆమ్లాల నుంచి, అంటే ఎక్కువగా ఒంట్లోని నిల్వల నుంచి వచ్చింది. 26 శాతం కాలేయమే తయారుచేసుకుంది. ఆ రోజుల్లో తిన్న ఆహారంలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతం.

ఈ మూడు అంకెల్లో చూడవలసింది మధ్యది. ఆరోగ్యవంతుల్లో పరగడుపున ఈ సొంత తయారీ 5 శాతం కూడా ఉండదు. ఈ రోగుల్లో అది అన్ని రెట్లు పెరగడానికి ముడిసరుకు పిండిపదార్థాలు, పంచదార. తయారీకి హుకుం జారీ చేసేది రక్తంలో ఎప్పుడూ ఎక్కువగా ఉంటున్న ఇన్సులిన్. పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును కండరాలు, మెదడు సహా ఒళ్లంతా పంచుకుంటుంది. ఫ్రక్టోజు భారం మాత్రం చాలావరకు కాలేయం మీదే పడుతుంది, పైగా గ్లూకోజును విరిచే దారిలో ఉండే ముఖ్యమైన అదుపును తప్పించుకుని లోపలికి వెళ్తుంది. బెల్లం, తేనె, చెరకు రసం ఈ లెక్కలో పంచదారకు దగ్గరి చుట్టాలే. పంచదార మానేశామని టీలో బెల్లం వేసుకుంటున్నవాళ్లకు ఈ మాట నచ్చదని తెలుసు, కానీ కాలేయానికి రంగుతో పని లేదు.

మొదటి అంకె, ఆ 59 శాతం, ఎవరి ఖాతాలోనూ పూర్తిగా వేయదగినది కాదు. ఏళ్ల తరబడి అవసరానికి మించి తిన్నదంతా, నూనె కానీ అన్నం కానీ, అందులో ఉంటుంది. అయితే ఇన్సులిన్ మాట వినని ఒంట్లో ఆ నిల్వలు అదే పనిగా రక్తంలోకి కారుతుంటాయి.

మరి నూనె మీద అంత అనుమానం, పంచదార మీద ఇంత ఉపేక్ష ఎక్కడి నుంచి వచ్చాయి? ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1967లో ఒక ప్రఖ్యాత అమెరికా వైద్య పత్రికలో హార్వర్డ్ పోషకాహార నిపుణులు గుండె జబ్బు కారణాలపై రెండు భాగాల సమీక్ష రాశారు. పంచదారపై ఉన్న ఆధారాలను తేలిక చేసి, తగ్గించవలసింది కొవ్వునేనని తేల్చారు. ఆ పనికి పంచదార పరిశ్రమ సంస్థ 6,500 డాలర్లు చెల్లించినట్టు 2016లో పాత దస్త్రాలు తవ్విన కాలిఫోర్నియా పరిశోధకులు బయటపెట్టారు. ధనసహాయాన్ని ప్రకటించాలన్న నియమం అప్పట్లో లేదు, ఆ సమీక్ష గుండె గురించే తప్ప కాలేయం గురించి కాదు. అయినా కొవ్వే శత్రువన్న ఆలోచన పాఠ్యపుస్తకాల్లోకి, అక్కడి నుంచి మన డైట్ చీటీల్లోకి దిగడంలో ఆ కాలపు రాతలకు వాటా ఉంది.

ఆ చీటీ ఇప్పటికీ చెలామణిలో ఉంది. సూర్యారావుపేటలో ఒక క్లినిక్ బయట బల్ల మీద మా బంధువు ఒకాయన పక్కన కూర్చుని, స్కానింగ్ రిపోర్టుతో పాటు ఇచ్చిన కాగితం చదివాను. రిపోర్టులో గ్రేడ్-1 ఫ్యాటీ లివర్ అని ఉంది. కాగితంలో మొదటి పంక్తి ‘నూనె, నెయ్యి, వేపుళ్లు తగ్గించాలి’. పంచదార ప్రస్తావన ఐదో పంక్తిలో, ‘స్వీట్లు మితంగా’ అన్న రెండు మాటల్లో ముగిసింది. ఆయన స్వీటు ముట్టుకునే మనిషి కాదు. రోజుకు ఆరు టీలు తాగుతారు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచాకు నాలుగు గ్రాములనుకున్నా 48 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రోజుకు 20 నుంచి 25 గ్రాములు దాటొద్దని ఉంది. అంటే స్వీటు తినని మనిషి టీ గ్లాసుల్లోనే దాదాపు రెట్టింపు మోతాదు తీసుకుంటున్నారు, ఆయన చేతిలోని కాగితం ఆ గ్లాసు ఊసే ఎత్తలేదు.

పంచదార తగ్గిస్తే నిజంగా ఫలితం ఉంటుందా అన్నదానికి 2019లో అమెరికాలో 40 మంది మగపిల్లలతో చేసిన అధ్యయనం గట్టి జవాబు ఇచ్చింది. అందరూ 11 నుంచి 16 ఏళ్లవాళ్లు, అందరికీ ఫ్యాటీ లివర్ ఉంది. సగం మంది ఇళ్లలో ఎనిమిది వారాల పాటు కలిపిన పంచదారను, పండ్ల రసాలను దాదాపు పూర్తిగా తీసేశారు. పిల్లవాడికి ఒక్కడికే కాక ఇంటిల్లిపాదికీ అదే తిండి. ఆ పిల్లల కాలేయంలో కొవ్వు 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది. మామూలుగా తిన్న పిల్లల్లో 21 నుంచి 20కి వచ్చి ఆగింది.

నూనె నిర్దోషి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2018లో ఫిన్లాండ్‌లో అధిక బరువున్న 38 మందికి మూడు వారాల పాటు రోజుకు 1,000 కేలరీలు అదనంగా తినిపించినప్పుడు, సంతృప్త కొవ్వు (వెన్న, కొబ్బరినూనెల్లో ఎక్కువగా ఉండే రకం) తిన్నవారి కాలేయంలో కొవ్వు 55 శాతం, పంచదార పదార్థాలు తిన్నవారిలో 33 శాతం, అసంతృప్త కొవ్వు (పొద్దుతిరుగుడు వంటి నూనెల్లో ఎక్కువగా ఉండే రకం) తిన్నవారిలో 15 శాతం పెరిగింది. అంతకుముందు 2014లో స్వీడన్‌లో పామాయిల్ కేకులు తిన్నవారి కాలేయానికి, అంతే బరువు పెరిగిన పొద్దుతిరుగుడు నూనె కేకుల వారికంటే ఎక్కువగా కొవ్వు పట్టింది. కాబట్టి నూనె బోర్డు మీద రాయవలసింది ‘నూనె’ అన్న ఒక్క మాట కాదు. వేరుశెనగ నూనె, పామాయిల్, డాల్డా కాలేయం దగ్గర ఒకటి కావు. గ్లాసులో కొబ్బరినూనె పోసుకున్నవాళ్లు గమనించవలసింది కూడా ఇదే, ఎందుకంటే అందులో అత్యధిక భాగం సంతృప్త కొవ్వు.

మన దేశంలో క్యాన్సర్, మధుమేహం, గుండె జబ్బుల జాతీయ కార్యక్రమంలోకి ఫ్యాటీ లివర్‌ను 2021లో చేర్చారు, 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలను సవరించారు. ప్రపంచ వైద్య సంఘాలు 2023లో ఈ జబ్బు పేరునే మార్చి, మధుమేహానికి, నడుము చుట్టుకొలతకు ముడిపెట్టాయి. 2025 మేలో సీబీఎస్ఈ తన బడుల్లో పెట్టించిన బోర్డు ఒక్క పంచదారదే. పెద్దల కార్యాలయాలకు వచ్చేసరికి దాని పక్కన నూనె చేరింది, అన్నం ఊసు మాత్రం రెండు బోర్డుల్లోనూ లేదు. మధ్యాహ్నం మెస్సులో రెండోసారి, మూడోసారి వడ్డించే ఆ తెల్లటి కుప్ప కూడా ఒంట్లో గ్లూకోజుగానే మారుతుంది, మిన్నెసోటా లెక్కలోని మధ్య అంకెకే వెళ్లి చేరుతుంది.