సగం కుట్టిన బొంతకు చేతులు

సెమిలిగుడ,
పుష్యమాసం

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి కొండ, 1,672 మీటర్లది, మన కోరాపుట్ జిల్లాలోనే ఉంది కనుక ఇక్కడి చలి ఎటువంటిదో నేను వేరే చెప్పనక్కరలేదు. నాయనమ్మ కంటిచూపు మందగించి సగంలో ఆపేసిన బొంతను చలికోటుగా కుట్టించుకోవాలని మీరు ముచ్చటపడడం బాగానే ఉంది గాని, మీలో చిన్నది అడిగిన ప్రశ్న అంతకంటే బాగుంది. "బొంతను కత్తెరతో కోస్తే నాయనమ్మ వేసిన కుట్లన్నీ ఊడిపోవా, తాతయ్యా?" అని అడిగింది. ఊడిపోతాయమ్మా. ఊడిపోకుండా కోయడంలోనే ఉంది పనితనమంతా.

గుణుపురం దగ్గర వంశధార ఒడ్డున వరిమళ్ళను మీరు చూశారు కదా. నీరు నిండిన మడి నడుమనుంచి దారి తీయవలసివస్తే రైతు వెళ్ళీ వెళ్ళగానే పారతో గండి కొట్టడు. ముందు రెండు గట్లు పక్కపక్కనే వేసుకుని, అటు నీరు అటు, ఇటు నీరు ఇటు నిలిచాయని చూసుకున్న తరువాతనే నడుమ మట్టి తీస్తాడు. బొంతకు వేసిన చేతికుట్టు ఒంటి దారం; అది ఈ అంచునుంచి ఆ అంచుకు మునుగుతూ తేలుతూ పోతుంది, మధ్యలో తెగిందంటే రెండు వైపులా జారిపోతుంది. అందుచేత బొంతమీద సుద్దతో కోటు భాగాలను గీసి, గీతకు లోపలి పక్కన మిషనుతో రెండు వరసలు కుట్టించి, ఆ తరువాత ఆ కుట్టుకు వెలుపలనుంచి కత్తెర పెట్టాలి. మిషను కుట్టులో పైదారమూ, అడుగున బాబిన్ అనే చిన్న కండెనుంచి వచ్చే దారమూ గుడ్డ మందంలో ఒకదానినొకటి మెలివేసుకుని ఉంటాయి కనుక అది అంత తేలికగా జారదు. అటువంటి కుట్టు వేసే మిషనుకే 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందాడు.

గట్టు వేసి ఊరుకుంటే చాలదు, దానికి మట్టి మెత్తాలి. కోసిన అంచుకు మెత్తే మట్టి క్రాస్ పట్టీ. పడుగుకూ పేకకూ 45 డిగ్రీల ఏటవాలుగా కోసిన పట్టీ సాగుతుంది కాబట్టి మెడ వంపులో, చంక వంపులో ముడత పడకుండా తిరుగుతుంది. నిలువుగా కోసిన పట్టీ అక్కడ మొండికేస్తుంది. మడికి గండి పడేది ఎప్పుడూ మూలనున్న పీతబొక్క దగ్గరే అయినట్టు, కోటు చిరిగేది చంక దగ్గరే. అక్కడ ఇంకో వరస కుట్టు వేయించండి. బొంతలో పీతలెక్కడివని మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు. అయినా మీ తాత మళ్ళగట్లమీద పెరిగినవాడు, ఆయనకు ఇంతకంటే మంచి ఉపమానం దొరకదు.

నేను మీ ఈడువాడినై ఉన్నప్పుడు గుణుపురంలో మా ఇంటి అరుగుమీద ఒక దర్జీ మిషను పెట్టుకుని కుట్టేవాడు. ఎలుకలు ఒక మూల కొరికేసిన బొంతను మా అమ్మ ఆయనకిచ్చి, పాడైనంత మేర తీసేసి నాకు చేతుల్లేని కోటు కుట్టమంది. ఆయన చాలాసేపు కత్తెర ముట్టుకోలేదు. బొంతను అరుగుమీద పరిచి, కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురుతూ, ఎక్కడ పొరలు మందంగా ఉన్నాయో ఎక్కడ చీర అరిగి పల్చబడిందో చూసుకుని, మందమైన చోటును వీపుకు ఎంచాడు. ఆ కోటు వేసుకుని బడికి వెళితే పిల్లలు నన్ను "బొంతరాయుడు" అన్నారు. ఆ అన్నవాళ్ళే ప్రార్థన వేళ చలికి వణుకుతూ నా పక్కన చేరేవారు. ఉన్న గుడ్డను పారవేయకుండా ఒంటికి ఎక్కించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

బొంత సగంలోనే ఆగిపోయిందని చిన్నబుచ్చుకోకండి, కోటుకు అదే మేలు. నాయనమ్మ కుట్టిన సగంలో పొరలన్నీ దగ్గరగా నిలిచి వాటి నడుమ గాలిని కదలనీయవు, వెచ్చదనమంతా ఆ నిలిచిన గాలిదే. కనుక వీపును, రెండు ముందు భాగాలను అందులోనుంచి తీయండి. కుట్టని సగం ఇంకా దూరదూరపు టాకాలమీదే ఉంది. ఆ టాకాలు విప్పితే పాత చీరలు దేనికది విడివడి వస్తాయి. రెండు మూడు పొరలు తీసి పక్కన పెట్టి, మిగిలినవాటిని కలిపి కుట్టించి చేతులు కోయించండి. అన్ని పొరలతోనూ చేతులు కుడితే మోచేయి వంగదు, అన్నం ముద్ద నోటిదాకా రాదు. పక్కన పెట్టిన చీరల్లోనుంచే క్రాస్ పట్టీలు వస్తాయి, కొత్త గుడ్డ కొననవసరం లేదు.

కొలతల విషయంలో ఒక్కటి మరవకండి. బొంత మందం పావు అంగుళమైతే కోటు పైచుట్టు లోచుట్టుకంటే దాదాపు అంగుళంన్నర ఎక్కువ ఉండాలి. మామూలు చొక్కా కొలతకు కోస్తే బొత్తాలు అందవు. గుడ్డను రెండు మడతలు వేసి కోయవద్దు. ఒక్కొక్క భాగాన్నే కోసి, రెండోదానికి కాగితం అచ్చును తిరగేయండి, లేకపోతే రెండూ ఎడమచేతులే అవుతాయి. మిషనుకు 16 గాని 18 గాని నంబరు సూది వేయమనండి. అతుకుల దగ్గర లోపల మిగిలే అంచులో నడిమి పొరలను మాత్రం కత్తిరించి పల్చన చేయమనండి. మిగిలినది దర్జీకి తెలుసు.

అయితే సుద్ద పట్టుకునేముందు, పొద్దున్న మంచు విడిచి ఎండ వచ్చిన తరువాత, బొంతను ఇద్దరు చెరొక కొసా పట్టి కిటికీకి అడ్డంగా నిలబెట్టండి. వెలుతురు ఎక్కడ ఆగిపోతున్నదో, ఎక్కడ చీర అంచు నీడ కనిపిస్తున్నదో, ఎక్కడ ఎవరూ ఎరగని పాత చిరుగును లోపలినుంచి మరో ముక్కతో కప్పారో అంతా తెలుస్తుంది. ఏ పొర ఎవరి చీరో నాయనమ్మను అడిగి, జేబు ఎక్కడ పెట్టదలచారో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య