కుక్క మాంసమంటే భయం, సచ్చిన గొర్రెంటే ధైర్యం

మొన్న ఆదివారం పొద్దున ఒకాయన మా పశువుల దవాఖానకు వచ్చి, ఫోను తీసి నా ముఖం ముందు పెట్టిండు. "సారూ, గీ తోక సూడున్రి. కుక్కదే గదా?" మటన్ పేరుతో కుక్క మాంసం అమ్ముతున్నారంటూ తిరిగే అదే వాట్సాప్ ఫొటో. తోలు తీసిన కళేబరం, వేలాడే పొడుగాటి తోక. నల్లగొండ జిల్లాలో ఇరవై ఏళ్లుగా పశువైద్యం చేస్తున్నాను. ఈ ఫొటో ఏటా రెండుసార్లన్నా నా ముందుకు వస్తుంది. జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

మన దగ్గరుండే నెల్లూరు, దక్కనీ గొర్రెలకు తోక పొట్టి. రాజస్థాన్ వైపు కొన్ని జాతులకు పొడుగు. 2018 నవంబరులో చెన్నై ఎగ్మోర్ స్టేషన్‌లో రెండు వేల కిలోలకు పైగా మాంసం పట్టుకొని కుక్కదని ఊరూవాడా గగ్గోలెత్తించారు. అదీ రాజస్థాన్ నుంచి వచ్చిన సరుకే. మద్రాసు పశువైద్య కళాశాలలో పరీక్షిస్తే కుక్కది కాదని తేలింది. నిజంగా అనుమానం ఉంటే తోక కొలిచే పని లేదు. హైదరాబాద్ పక్కన చెంగిచర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన సంస్థలో డీఎన్ఏ పరీక్ష చేసి ఏ జంతువుదో చెబుతారు.

ఇదంతా ఓపిగ్గా చెప్పాక, ఆయన చేతిలో నల్ల కవరు కనపడింది. మటన్ ఎక్కడ తెచ్చినవని అడిగాను.

"మా పక్కూరోళ్లే సారూ. మొన్నటి వానకు మందల రెండు పడ్డయంట. కోసి సగం రేటుకిచ్చిండ్రు."

అసలు అపోహ అదిగో, ఆ కవరులో ఉంది. మనం తినే జంతువు మాంసం మంచిది, తినని జంతువు మాంసం విషం అనుకోవడం. మనిషికి పుట్టే అసహ్యం జంతువు పేరును చూస్తుంది, అది ఎట్లా చచ్చిందో చూడదు. కుక్క అన్న మాట వింటేనే కడుపులో తిప్పేవాళ్లు, తనంతట తాను కూలిన గొర్రెను పోగులేసి పంచుకుంటారు. గొర్రె గదా, మనం తినేదే గదా!

వానలు పడ్డాక జీవాలు ఉన్నట్టుండి చస్తే మాకు ముందు తట్టేవి చిటుక రోగం, గొంతువాపు, దొమ్మ (ఆంత్రాక్స్). మొదటి రెండూ మందను తింటాయి. దొమ్మ మనిషినీ తింటుంది. ముక్కు, నోరు, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారితే దొమ్మ అనుకోవాల్సిందే. గొర్రెల్లో ఒక్కోసారి ఆ గుర్తు కూడా ఉండదు, సాయంత్రం మేసింది పొద్దున్నే కట్టెలా పడి ఉంటుంది. దాన్ని కోస్తే లోపలి సూక్ష్మజీవికి గాలి తగిలి, గట్టి పెంకున్న స్పోర్లుగా మారుతుంది. అవి నేలలో పదుల ఏళ్లు బతుకుతాయి. "బాగ ఉడకబెట్టినం సారూ" అంటారు. మామూలు ఉడుకుకు ఆ స్పోర్లు చస్తాయని నమ్మడానికి లేదు. పైగా కూర పొయ్యి మీదికి రాకముందే, తోలు తీసినవాడి చేతికి అంటుకుంటుంది. ముందు దోమ కుట్టినట్టు దురద, తర్వాత పొక్కు, ఆ తర్వాత నడుమ నల్లటి పెచ్చు, చుట్టూ వాపు. నొప్పి ఉండదు, అందుకే పట్టించుకోరు. సకాలంలో యాంటీబయాటిక్ పడితే దాదాపు అందరూ బాగవుతారు. కాని డాక్టరుకు "సచ్చిన గొర్రెను కోసిన" అని నోరు విప్పి చెప్పాలి. చెప్పరు. సిగ్గు.

గొల్ల, కురుమల నొప్పి నాకు తెలుసు. వేల రూపాయల జీవం కళ్ల ముందు పడిపోతే గుంతలో వేయమనడం నాకూ కష్టమే. అయినా వేయాలి: కోయకుండా, ఆరడుగుల లోతున, సున్నం చల్లి. బీమా ఉంటే ముందు మాకు ఫోను చేయండి, పూడ్చేముందు వచ్చి చూసి కాగితం రాస్తాం. దొమ్మ వచ్చిన ఊళ్లో ఏటా వానలకు ముందే టీకా వేయించాలి. ఇక కొనేవాళ్లకు: సగం రేటు మటన్ వద్దే వద్దు.

మిగతా అపోహలు తొందరగా చెప్పేస్తాను.

అసహ్యం పుట్టుకతో వస్తుందంటారు. రెండేళ్లలోపు పిల్లలున్న ఇల్లు చూడండి, వాళ్లు నోట్లో పెట్టనిది ఏముంది? పెద్దలు 'ఛీ' అంటే నేర్చుకుంటారు. అమెరికాలో పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సూక్ష్మజీవి లేకుండా శుద్ధి చేసిన బొద్దింకను పండ్లరసంలో ముంచి తీస్తే, ఆ రసం తాగడానికి జనం ఇష్టపడలేదు. మా నానమ్మ తొలకరికి దీపం కింద నీళ్ల గిన్నె పెట్టి ఉసిళ్లు పట్టి వేయించేది, మేం జేబుల్లో పోసుకొని తినేవాళ్లం. అదే ఇంట్లో ఎవరో మిడతలు తింటారని చెబితే ముక్కు మూసుకున్నారు. బోటి, నల్ల (నెత్తురు కూర) లొట్టలేసుకుంటూ తినే మనకు ఇంకొకరి పళ్లెం మీద తీర్పెందుకో. ఊళ్లల్లో ఈ 'ఛీ' పళ్లెం దగ్గర ఆగలేదు కూడా. పెద్దకూర తింటారని మనుషులనే వాకిట్లో నిలబెట్టిన కాలం మరీ పాతదేం కాదు.

నా సంగతే చెబుతాను. రాజేంద్రనగర్ హాస్టల్లో ఒక స్నేహితుడు వేపుడు పెట్టాడు. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను. పంది అని చెప్పాక బయటికి పరుగెత్తి కక్కాను. పది నిమిషాలు కడుపులో హాయిగా ఉన్న మాంసం, పేరు వినగానే బయటికి వచ్చింది. పశువైద్యం చదువుతున్న వాణ్ణి నేను!

రుచి బాగుంటే జనం తింటారనుకోవడం కూడా అంతే. ఈము పక్షులు పెంచి మునిగిన రైతులను అడగండి. కౌజు పిట్టను కోడి తమ్ముడిలా చూసి తిన్నారు. మనిషంత ఎత్తు పక్షిని దేంట్లో కలపాలో ఎవరికీ తోచలేదు.

చివరిది, పంది మాంసం తింటేనే మెదడులో పురుగు చేరుతుందనేది. పోయినేడు ఒకావిడ, మూర్ఛలొస్తున్న తన బిడ్డ మెదడు స్కానింగ్ కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. మనుషుల డాక్టరు ఇచ్చిన కాగితం పశువుల డాక్టరు దగ్గరికెందుకని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. "మా ఇంట్ల గుడ్డు గూడ ముట్టం సారూ. పంది పురుగంటున్నరు. చుట్టాలకు ఏమని జెప్పాలె?"

ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగులో బద్దెపురుగు. మెదడుకు చేరేది దాని గుడ్డు కడుపులోకి పోతే అందులోంచి వచ్చే పిల్లపురుగు. ఆ గుడ్డు పేగులో పురుగున్న మనిషి మలం నుంచి వస్తుంది, నీళ్ల మీదో, పచ్చిగా తినే ఆకుకూర మీదో, కడగని చేతుల మీదో. 1992లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది, న్యూయార్క్‌లో పంది ముట్టని యూదు కుటుంబాల్లో ఇదే జబ్బు బయటపడింది. ఇంటి పనివాళ్ల పేగుల్లోని పురుగు నుంచే వచ్చి ఉంటుందని తేల్చారు.

ఆమెకు ఇదే చెప్పాను. మూర్ఛ మాత్రలు ఒక్కపూట కూడా మానొద్దని, నరాల డాక్టరు చెప్పినట్టే నడవమని, ఇంట్లో అందరూ మలపరీక్ష చేయించుకోమని, కొత్తిమీర కూడా పారే నీళ్లలో కడగమని. అన్నీ విన్నది. లేచి తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"మీరొచ్చి మా అత్తకు ఒక్కమాట జెప్తరా సారూ?"

సాయంత్రం వెళ్లాను.