ఐగుప్తు నుంచి తెచ్చుకున్న తంబురలు

బానిసలుగా బతికిన ఐగుప్తును (ఈజిప్టును) విడిచిన రాత్రి, యూదుల పూర్వీకులైన ఇశ్రాయేలీయులకు పిండి పులిసేంత వ్యవధి కూడా లేదు. పిసికిన ముద్దలను అలాగే మూటకట్టి భుజాన వేసుకున్నారు. సముద్రం దాటాక మోషే అక్క మిర్యాము తంబుర (చేత్తో వాయించే చిన్న డప్పు) పట్టుకుంటే, స్త్రీలంతా తంబురలతో నాట్యమాడుతూ ఆమె వెంట నడిచారని నిర్గమకాండం 15వ అధ్యాయం చెబుతుంది. రొట్టెకే టైమ్ లేనివాళ్లకు తంబురలు ఎక్కడివి? 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ, అంతకుముందు నుంచీ ఉన్న మాటనే జవాబుగా ఇచ్చాడు. దేవుడు అద్భుతం చేస్తాడని ఆ స్త్రీలకు గట్టి నమ్మకం, అందుకే బయల్దేరేటప్పుడే వాటిని సర్దుకున్నారట. యూదుల దృష్టిలో పాటకూ స్వేచ్ఛకూ ఉన్న ముడి నాకు ఇక్కడే కనిపిస్తుంది. పాడింది విడుదలయ్యాకే, కానీ పాటకు సిద్ధపడింది బానిసలుగా ఉన్నప్పుడే.

సముద్రం దాటాక పాడిన ఆ గీతాన్ని భక్తులైన యూదులు రోజూ ఉదయం ప్రార్థనలో చదువుతారు. తోరా (మోషే ఐదు గ్రంథాలు) చేతిరాత చుట్టలో దాన్ని రాసే తీరే వేరు. రాత కింద ఖాళీ, ఖాళీ కింద రాత, గోడలో ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, దాన్ని ఇటుకల పేరుతోనే పిలిచారు. ఐగుప్తు రాజు ఫరో కోసం ఇటుకలు చేసి నలిగిన జనం విడుదల పాట ఆ రూపంలోనే కనబడితే మనసు కదులుతుంది.

తర్వాత పాట ఆగిన రోజులూ వచ్చాయి. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలింది. నిరవంజి చెట్లకు సితారాలు తగిలించి, అన్యుల దేశంలో యెహోవా కీర్తనలు ఎలా పాడతామని బబులోను నదుల దగ్గర ఏడ్చినవారి గోడు 137వ కీర్తనలో ఉంది. క్రీ.శ. 70లో రోమన్లు రెండో ఆలయాన్ని కూల్చారు. దాంతో ఆలయంలో పాడే లేవీయుల గానం కూడా ఆగిపోయింది.

గెలిచినప్పుడు కూడా ఈ పాటకు ఒక హద్దు ఉంది. ఇశ్రాయేలీయులను తరుముతూ వచ్చిన ఐగుప్తు సైన్యం మునిగిపోతుంటే దేవదూతలు పాడబోయారనీ, 'నా చేతి సృష్టి సముద్రంలో మునిగిపోతుంటే మీరు పాటలు పాడతారా?' అని దేవుడు ఆపేశాడనీ రబ్బీల బోధల గ్రంథం తాల్ముద్ చెబుతుంది. ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసుకునే పస్కా పండుగ చివరి రోజుల్లో హల్లేల్, అంటే 113 నుంచి 118 వరకు ఉన్న స్తుతి కీర్తనలు, పూర్తిగా పాడరు. అందుకు చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమది యూదుల వంశమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిము తెలుగువాళ్లు కూడా పస్కా జరుపుకుంటారు. పస్కా భోజనం దగ్గర యూదులు ఐగుప్తు మీద పడిన పది తెగుళ్ల పేర్లు చదువుతారు. ఒక్కో పేరుకు ఒక్కో చుక్క ద్రాక్షారసం గిన్నెలోంచి తీసేయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. శత్రువులే అయినా చచ్చింది మనుషులు కాబట్టి, సంతోషపు గిన్నెలో ఆ మేరకు తగ్గాలని పెద్దలు పిల్లలకు చెబుతారు. ఆ తగ్గిన గిన్నె పట్టుకునే హల్లేల్ అందుకుంటారు.