డిలీట్ నొక్కితే పోయినట్టేనా? పాత పోస్టులపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సైబర్ కేసులు చూసే న్యాయవాదిని. నా దగ్గరికి ఆన్‌లైన్‌లో మోసపోయినవాళ్లు ఎలాగూ వస్తారు. వాళ్లతో పాటు, ఎప్పుడో తాము రాసిందే ఇప్పుడు మెడకు చుట్టుకున్నవాళ్లూ వస్తారు. పదహారేళ్ల వయసులో అభిమాన హీరో మీద మోజుతో ఎదుటి హీరో ఫ్యాన్స్‌ని బూతులు తిట్టిన కామెంటు పదేళ్ల తర్వాత పెళ్లి సంబంధం వాళ్ల ఫోన్లో స్క్రీన్‌షాట్‌గా తేలుతుంది. మన మాటను మనం, ఎవరికీ కారణం చెప్పకుండా, తీసేసుకునే హక్కు ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. కానీ ఈ విషయంలో జనం నమ్ముతున్నవి చాలావరకు తప్పు. ఆ నమ్మకాలతోనే నష్టపోతున్నారు.

అపోహ: కొత్త డేటా చట్టం వచ్చింది కాబట్టి నా పోస్టులు తీయించే హక్కు నాకుంది.

వాస్తవం: 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 12వ సెక్షన్‌లో డేటా చెరిపేయమని అడిగే హక్కు ఉన్న మాట నిజమే. అయితే 3వ సెక్షన్ కూడా చదవాలి. మనంతట మనమే బహిరంగంగా పెట్టుకున్న వివరాలకు ఈ చట్టం వర్తించదని అక్కడ రాసి ఉంది. ఒకావిడ సోషల్ మీడియాలో తన అభిప్రాయాలు రాస్తూ సొంత వివరాలు బయటపెట్టిందనుకోండి, వాటికి ఈ చట్టం వర్తించదని ఉదాహరణ కూడా ఇచ్చారు. అంటే షాపింగ్ యాప్ దగ్గరున్న మీ అడ్రసుకు దారి దొరుకుతుంది, మీరు పబ్లిక్‌గా పెట్టిన పోస్టుకు దొరకదు. పైగా నిబంధనలు నోటిఫై అయిందే 2025 నవంబరులో. ప్రధాన హక్కులు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువు పెట్టారు.

ఈ మినహాయింపు అన్యాయమని నేనంటాను, ముఖ్యంగా పిల్లల విషయంలో. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పిన 2017 పుట్టస్వామి తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, పిల్లలు తెలిసీ తెలియక చేసిన తప్పులకు జీవితాంతం మూల్యం చెల్లించకూడదన్నారు. కాలిఫోర్నియాలో 2015 నుంచే, 18 ఏళ్లలోపువాళ్లు తాము పెట్టినవి తీసేసుకునే వీలు వెబ్‌సైట్లు ఇచ్చి తీరాలి. మన పిల్లలకు కనీసం అంతయినా దక్కాలి కదా!

అపోహ: యూరప్‌లో అయితే అడగ్గానే ఇంటర్నెట్ మొత్తంలోంచి తీసేస్తారు.

వాస్తవం: ఈ మాటకు మూలం స్పెయిన్‌కు చెందిన మారియో కొస్తేహా కేసు. బకాయిల కింద ఆయన ఆస్తి వేలానికి వచ్చిందని 1998లో ఒక పత్రికలో ప్రకటన పడింది. ఆయన పేరుతో వెతికినప్పుడు ఆ లింకు చూపొద్దని యూరప్ కోర్టు 2014 మే 13న గూగుల్‌కు చెప్పింది. పత్రిక మాత్రం తన పేజీ తీసేయాల్సిన పని లేకపోయింది. యూరప్ బయట కూడా ఇలాంటి లింకులు దాచాలని యూరప్ చట్టం గూగుల్‌ను నిర్బంధించదని 2019లో అదే కోర్టు తేల్చింది.

అపోహ: డిలీట్ నొక్కగానే పోయింది.

వాస్తవం: ఫేస్‌బుక్ అకౌంటు శాశ్వతంగా తీసేయమన్నా, మనసు మార్చుకోవడానికి 30 రోజులు ఉంటాయి. సర్వర్లలోంచి పూర్తిగా పోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. మన 2021 ఐటీ నిబంధనల ప్రకారం, అకౌంటు రద్దయ్యాక కూడా రిజిస్ట్రేషన్ వివరాలను కంపెనీ 180 రోజులు దాచి ఉంచాలి. పోస్టు తీసేసినా గూగుల్‌లో పాత ముక్క కనబడుతుంటే, పాతబడిన ఫలితాన్ని రిఫ్రెష్ చేయమని అడిగే పేజీ గూగుల్‌లోనే ఉంది, ఉచితం. ఇతరుల ఫోన్లలో ఉన్న స్క్రీన్‌షాట్లకు మాత్రం ఏ బటనూ లేదు.

అపోహ: కేసు పడేలా ఉంటే ముందే అన్నీ తీసేయాలి.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. సాక్ష్యంగా కోర్టు ముందుకు రాకూడదని ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. చిన్న గొడవతో పోయేది రెండు గొడవలవుతుంది.

నన్ను ఇంతకన్నా బాధపెట్టేది బాధితులు చేసే డిలీట్. వేధించినవాడి మెసేజ్‌లు ఇంట్లో ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో అమ్మాయిలు చాట్ మొత్తం తీసేసి, ఆ తర్వాత ఫిర్యాదుకు వస్తారు. అమ్మా, చాట్ ఉంచండి. ప్రొఫైల్ లింకు, తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి, ఆ ఫోన్ మార్చకండి. మార్ఫింగ్ ఫొటోలయితే రోజుల తరబడి ఎదురుచూడాల్సిన పని లేదు. వాటిని తొలగించడానికి కంపెనీలకు 2021 నిబంధనలు మొదట్లోనే 24 గంటల గడువు పెట్టాయి.

అపోహ: అమెరికా వీసాకు ముందు అకౌంటే లేపేస్తే టెన్షన్ ఉండదు.

వాస్తవం: వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా ఐడీలు అడుగుతుంది. నిన్న డిలీట్ చేసిన అకౌంటు కూడా ఆ 5 ఏళ్లలోదే, రాయాల్సిందే. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాలకు దరఖాస్తు చేసేవాళ్లు ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టాలి. పాత కామెంటు కన్నా, దాచిన ఐడీయే పెద్ద చిక్కు తెస్తుంది.

అపోహ: అందరినీ తీసేయనిస్తే చరిత్రే మిగలదు.

వాస్తవం: మన మాట మనది. మన గురించి పత్రిక రాసిన వార్త, కోర్టు తీర్పు మనవి కావు. ఎమ్మెల్యే తన ట్వీటు తీసేసుకోవచ్చు, దాని మీద వచ్చిన వార్తను తీయించలేడు. అలాగే ఉండాలి కూడా. పదిమందికి పనికొచ్చే సమాధానాల విషయంలో, ప్రోగ్రామర్లు ప్రశ్నలు జవాబులు రాసుకునే వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో పద్ధతి నాకు నచ్చుతుంది. అకౌంటు తీసేస్తే మనిషి పేరు పోతుంది, సమాధానం ఉంటుంది.

ఇక తీసేయడం మొదలుపెట్టేవాళ్లకు: ముందు డేటా కాపీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఆ తర్వాత ఫేస్‌బుక్‌లో యాక్టివిటీ లాగ్ తెరిచి, తేదీల వారీగా పాతవి ఒకేసారి ఎంచి ట్రాష్‌లో వేయొచ్చు. తిట్లూ గొడవలూ తర్వాత చూసుకోవచ్చు. మొదట హాల్ టికెట్ ఫొటోలు, బోర్డింగ్ పాసులు, పుట్టినరోజు, ఫోన్ నంబరు, కొత్త ఇంటి ఫ్లాట్ నంబరు కనబడే పోస్టులు తీయండి. మోసగాళ్లు ఏరుకునేది వాటినే.