అబ్‌స్ట్రాక్టా? మా పిల్లాడూ వేస్తాడండీ!

పెయింటింగ్ నా పని, వారానికి రెండు రోజులు పిల్లలకు డ్రాయింగ్ కూడా చెబుతా. అబ్‌స్ట్రాక్ట్ గురించి (అంటే దేన్నీ ఉన్నదున్నట్టు చూపించని కళ) ఎక్కడికెళ్లినా ఇవే మాటలు వింటున్నా కాబట్టి ఒకచోట రాసి పెట్టేస్తున్నా.

అపోహ: బొమ్మ వేయడం రానివాళ్లు వేసేదే అబ్‌స్ట్రాక్ట్.

వాస్తవం: డచ్ చిత్రకారుడు మాండ్రియాన్ అనగానే నల్లగీతల మధ్య ఎరుపు, నీలం, పసుపు గళ్లే గుర్తొస్తాయి కదా, అంతకుముందు ఆయన వేసిన చెట్లను వరసగా పెట్టి చూడండి. 1908లో మొదలుపెట్టిన ఎర్రచెట్టులో కొమ్మలు కొమ్మల్లానే ఉంటాయి. 1911 నాటి బూడిదరంగు చెట్టు సగం గీతలైపోయింది. 1912లో వేసిన ఆపిల్ చెట్టుకొచ్చేసరికి వంపులే మిగిలాయి. చెట్టు వేయడం రాక కాదు, ఏది తీసేసినా చెట్టు నిలబడుతుందో తెలిసి వేసినవి.

అపోహ: ఇదంతా విదేశీ సరుకు, మనకు నప్పదు.

వాస్తవం: ఆ పేరుతో గోడకెక్కింది యూరప్‌లోనే, ఒప్పుకుంటా. కానీ మెలికల ముగ్గులో చుక్కల చుట్టూ తిరిగే ఆ గీత దేని బొమ్మ? అర్థమేంటని మీ అమ్మమ్మను ఎవరైనా అడిగారా?

ఇంకా బాగా తెలియాలంటే తేలియా రుమాలు అనే చేనేత గుడ్డను దగ్గరగా చూడండి. చీరాలలో పేరు తెచ్చుకుని, ఇప్పుడు తెలంగాణలోని పుట్టపాకలో నేస్తున్నది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. నేసే ముందే నూలుకి సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో ముడులు బిగించి రంగులో ముంచుతారు, ముడి కింద రంగు ఎక్కదు. అంచుల్లో కాస్త రంగు పాకుతుంది, మగ్గమెక్కాక పోగు వెంట్రుకవాసి జరుగుతుంది, దాంతో ఏనుగైనా విమానమైనా (అవును, పాత రుమాళ్లలో విమానాలు కూడా ఉన్నాయి!) మెట్లుమెట్లుగా, అంచులు చెదిరినట్టు వస్తుంది. ఏనుగులో ఎంత మిగలాలో నేతగాడితో పాటు పడుగూ పేకా కూడా నిర్ణయిస్తాయన్నమాట. నాకైతే మ్యూజియంలో కంటే అక్కడే ఎక్కువ తెలిసొచ్చింది.

అపోహ: ఫోటో అబ్‌స్ట్రాక్ట్ ఎలా అవుతుంది, ఎదురుగా ఉన్నదే కదా పడేది?

వాస్తవం: 1916లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ పాల్ స్ట్రాండ్ ఒక గుండ్రటి బల్లను పక్కకు ఒరిగించి, దాని మీద పడ్డ వరండా రెయిలింగ్ నీడల్ని ఫోటో తీశాడు. బల్ల కనబడదు, చారలే కనబడతాయి. మన దేశపు చిత్రకారిణి నస్రీన్ మొహమెదీ ఫోటోలూ అంతే. ఫ్రేము ఎక్కడ కోయాలో తెలియడమే ఇక్కడ పనంతా.

అపోహ: పోలిక లేకపోతే అది కళే కాదు.

వాస్తవం: సరిగ్గా ఇదే మాట మీద కేసు నడిచింది. 1926లో శిల్పి బ్రాంకుసీ చేసిన కంచు పక్షి న్యూయార్క్‌లో దిగితే, రెక్కల్లేవు, ముక్కు లేదు, ఇదేం పక్షి అని కస్టమ్స్ వాళ్లు దాన్ని వంటసామాను పద్దులో రాసి 40 శాతం సుంకం వేశారు. 1928లో కోర్టు అది శిల్పమేనని తేల్చింది.

అపోహ: రెండు నిమిషాల పని.

వాస్తవం: మన దేశపు అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు గాయతోండే ఏడాదికి ఐదారు కాన్వాసులే పూర్తి చేసేవారట. ఆయనతో నాకు పోలికేంటి గానీ, నా గదిలో ఒక నారింజరంగు కాన్వాసు దసరా నుంచి గోడకు ఆనుకుని ఉంది. పైన ఎడమ మూలలో బూడిదరంగు ముక్క ఒకటి ఉండాలా వద్దా అని మూడుసార్లు కత్తితో గీకేసి మళ్లీ వేశా. నిన్న రాత్రి మళ్లీ గీకేశా.