జాజ్, ఫ్యూజన్: చెవికి అడ్డుపడే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

లోతైన కింది స్వరాలు పలికే తీగ వాద్యం బేస్ వాయించడం నా వృత్తి. ఇరవై ఏళ్లుగా జాజ్ బృందాల్లో, జాజ్‌ను వేరే సంగీతాలతో కలిపే ఫ్యూజన్ బృందాల్లో వాయిస్తున్నాను, నేర్చుకోవాలని వచ్చినవాళ్లకు నేర్పుతున్నాను. నేను ప్రాణంగా చూసుకునే రికార్డుల్లో నా అంతట నేను వెతికి పట్టుకున్నవి చాలా తక్కువ. మిగతావన్నీ ఎవరో ఒకరు "ఇది విను" అని చేతిలో పెట్టినవే.

మొదట పెట్టింది మా బృందంలో డ్రమ్స్ వాయించే అన్న. ఒక క్యాసెట్ ఇచ్చి, పెట్టెలోని కాగితం మీద పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాశాడు: "మొదటి పాటలో ఒకటిన్నర నిమిషం దగ్గర సింబల్ విను." అది ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్. పల్లవి ముగుస్తుంది, ట్రంపెట్ అందుకుంటుంది, సరిగ్గా ఆ మలుపులో డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ సింబల్ అనే లోహపు పళ్లెం మీద ఒక్క దెబ్బ వేస్తారు. ఆ మోత సన్నగిల్లుతూ ఉండగానే దాని కింద పాల్ ఛాంబర్స్ బేస్ నడక మొదలవుతుంది. ఆ పది సెకన్ల కోసం క్యాసెట్‌ను ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్కలేదు. అప్పటికి నేను గిటార్ వాయించేవాణ్ణి. మూడు నెలల్లో బేస్‌కు మారిపోయాను.

పేరుతో పాటు చెవి ఎక్కడ ఆనించాలో కూడా చెప్పినప్పుడే సిఫార్సు పనిచేస్తుంది. అలా చెప్పేవాళ్లు దొరకక చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. వాళ్ల నోట నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: జాజ్‌లో ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తారు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

కచేరీలో మనోధర్మం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు ఇది సులువుగా అందుతుంది. గాయకుడు స్వరకల్పన చేస్తున్నప్పుడు తాళం ఎక్కడికీ పోదు, రాగం గీత దాటదు, చివరికి ఎత్తుగడ దగ్గర దిగాల్సిందే. జాజ్‌లో ఆ ఆవర్తనం స్థానంలో పాట నిర్మాణం ఉంటుంది. చాలా పాటలకు అది 32 బార్లు, అంటే సమానమైన దెబ్బలున్న 32 చిన్న లయ ముక్కలు. పల్లవి ఒకసారి వాయించాక, సోలో చేసేవారు, అంటే తమ వంతుగా కల్పన చేసేవారు, అవే 32 బార్ల మీద మళ్లీ మళ్లీ తిరుగుతారు. బేస్, డ్రమ్స్, పియానో ఆ చుట్టును పట్టుకునే ఉంటాయి. ఎవరూ లెక్క పోగొట్టుకోరు. పోగొట్టుకుంటే మాకు వేదిక మీదే తెలిసిపోతుంది.

ఇందాక చెప్పిన ఆ మొదటి పాటనే తీసుకోండి. పేరు 'సో వాట్'. 16 బార్ల పాటు ఒకే స్వరశ్రేణి. తరువాతి 8 బార్లలో అదే శ్రేణి అరస్వరం పైకి జరుగుతుంది. చివరి 8 బార్లకు తిరిగి కిందికి. ఆ శ్రేణిని జాజ్‌వాళ్లు డోరియన్ అంటారు. స్వరాల వరకు చూస్తే అది మన ఖరహరప్రియే. గమకాలూ సంచారాలూ లేవు కాబట్టి దాన్ని రాగమనకూడదు, కానీ చెవికి చుట్టరికం తెలుస్తుంది. ఈసారి విన్నప్పుడు వేళ్ల మీద బార్లు లెక్కపెట్టండి. పదహారు దాటగానే నేల కొద్దిగా పైకి లేచినట్టు అనిపిస్తుంది. ఆ లేవడం ఒక్కసారి చెవికి చిక్కిందంటే, అంతవరకూ గజిబిజిగా వినిపించిన సోలోలో గదులూ గోడలూ కనిపిస్తాయి.

తోచింది వాయించడమే అయితే ఎవరికీ తడబాటు ఉండకూడదు కదా. శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1959లో రికార్డు చేసిన 'జయంట్ స్టెప్స్' వినండి. మూడు వేరువేరు ఆధార స్వరాల మధ్య కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, పరుగెత్తుతుంటాయి. కోల్ట్రేన్ ఆ దారిని ముందే అరగదీసి ఉన్నారు కాబట్టి జలపాతంలా దూకుతారు. వెంటనే వచ్చే పియానో సోలోలో టామీ ఫ్లానగన్ తడుముకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. వాక్యాలు తెగిపోతాయి, చివరికి ఉత్త కార్డ్స్ మిగులుతాయి. ఆయన సామాన్యుడు కాదు, ఆ కాలపు మేటి పియానో విద్వాంసుల్లో ఒకరు. 1982లో ఆయనే ఆ పాటను మళ్లీ వాయించి, ఆల్బమ్‌కు ఆ పేరే పెట్టారు. రెండూ పక్కపక్కన వింటే ఇంప్రొవైజేషన్‌కు, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడానికి, ఎంత సాధన కావాలో నేను చెప్పనక్కరలేదు.

అపోహ: పాశ్చాత్య సంగీత శాస్త్రం చదివితేనే జాజ్ అర్థమవుతుంది.

వాస్తవం: చేత్తో తాళం వేయడం వస్తే చాలు. పియానో వాయించే డేవ్ బ్రూబెక్ బృందం 1959లో చేసిన 'టైమ్ అవుట్' ఆల్బమ్‌లో పాల్ డెస్మండ్ రాసిన 'టేక్ ఫైవ్' ఉంది. ఐదు దెబ్బల నడక. తకిట తక, తకిట తక అని నోటితో అంటూ వినండి, ఒక్క నిమిషంలో ఒళ్లు దానితో ఊగుతుంది. మధ్యలో జో మొరెల్లో డ్రమ్స్ సోలో చేస్తున్నంతసేపూ పియానో అదే చిన్న ముక్కను విడవకుండా వాయిస్తూ ఉంటుంది. తని ఆవర్తనంలో పక్కన కూర్చుని తాళం వేసేవారి పని అక్కడ బ్రూబెక్ చేస్తున్నారు.

అదే రికార్డులో మొదటి పాట తొమ్మిది దెబ్బలది. తక తక తక తకిట అని మూడుసార్లు, నాలుగోసారి తకిట తకిట తకిట. ఆ నడకను బ్రూబెక్ ఇస్తాంబుల్ వీధి వాద్యకారుల దగ్గర విన్నారు. నా దగ్గరికి వచ్చే మృదంగం విద్యార్థులు ఈ రెండు పాటలనూ కాగితం చూడకుండా, గిటార్ విద్యార్థుల కంటే ముందే పట్టేస్తారు. శాస్త్రం తరువాత నేర్చుకోవచ్చు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

అపోహ: పుట్టినప్పటి నుంచి వరుసగా వినుకుంటూ రావాలి.

వాస్తవం: ఆ పని చేయకండి. మొదటి జాజ్ రికార్డు 1917లో వచ్చింది. 1925కు ముందు రికార్డింగ్‌లో మైక్రోఫోన్ లేదు. వాద్యకారులు పెద్ద గరాటు లాంటి కొమ్ము ముందు నిలబడి వాయించేవారు. బేస్, డ్రమ్స్ సరిగ్గా ఎక్కేవి కావు. కొత్త చెవికి అది గీతలుపడిన అద్దంలోంచి బొమ్మ చూసినట్టుంటుంది. 1928 నాటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 'వెస్ట్ ఎండ్ బ్లూస్' మొదట్లో, తోడు లేకుండా ట్రంపెట్ ఒక్కటే మోగుతుంది. అంతకంటే ధీమాగా మొదలయ్యే సంగీతం నేను వినలేదు. అయినా అది నా దగ్గరికి జాజ్ వినడం మొదలుపెట్టిన ఎనిమిదో ఏట వచ్చింది, సరైన సమయానికే వచ్చింది. నచ్చిన చోట మొదలుపెట్టి వెనక్కి నడవండి.

అపోహ: జాజ్‌లో పాడేవాళ్లు ఉండరు, అంతా వాద్యాలే.

వాస్తవం: 1960లో పశ్చిమ బెర్లిన్ కచేరీలో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 'మ్యాక్ ద నైఫ్' పాడుతూ మధ్యలో సాహిత్యం మరిచిపోయారు. పాట ఆపలేదు. మరిచిపోయానన్న సంగతినే లయలో పెట్టి, అప్పటికప్పుడు చరణాలు కట్టి పాడేశారు. ఆ పాటకే గ్రామీ వచ్చింది. అది విన్నాక ఇంకేమైనా సందేహముంటే నన్ను అడగండి.

అపోహ: ఫ్యూజన్ అంటే జాజ్‌కు రాక్‌ను అతికించి వేగం చూపించడం.

వాస్తవం: అతుకులు కనిపించే ఫ్యూజన్ ఉన్న మాట నిజమే. కీబోర్డు మీద నాలుగు కార్డ్స్ పరిచి, వెనకాల తబలాను యంత్రంలా తిప్పుతూ పోతే దాన్ని నేను ఫ్యూజన్ అనను. నేను చూసేది ఒక్కటే. ఒకరు వాయించింది విని ఇంకొకరు తమ మాట మార్చుకుంటున్నారా, లేదా?

మార్చుకోవడం ఎలా ఉంటుందో 'శక్తి' బృందంలో వినాలి. జాన్ మెక్‌లాఫ్లిన్ అప్పటికే మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే ఫ్యూజన్ బృందంతో ఎలక్ట్రిక్ గిటార్‌లో పేరు పొందినవారు. 1970ల మధ్యలో ఆ హోరును పక్కన పెట్టి, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం పక్కన మామూలు అకౌస్టిక్ గిటార్‌తో కూర్చున్నారు. మామూలు గిటార్ అనడం కూడా తప్పే. దానికి ధ్వని రంధ్రం మీదుగా ఏటవాలుగా అదనపు అనునాద తీగలు కట్టించారు. మెట్ల మధ్య చెక్కను గుంతగా చెక్కించారు, తీగను లోపలికి నొక్కి గమకం పలికించేందుకు. పక్కవాళ్ల భాషలో మాట్లాడటానికి తన వాద్యాన్నే మార్చుకున్న మనిషి ఆయన. తరువాతి కాలంలో అదే గిటార్ విద్వాంసుడి పక్కన మన యు. శ్రీనివాస్ మాండొలిన్ మోగింది. కొత్తగా కూడిన శక్తి బృందం చేసిన 'దిస్ మొమెంట్' ఆల్బమ్‌కు 2024లో గ్రామీ వచ్చింది.

ఇక బేస్ వాయించేవాణ్ణి కాబట్టి జాకో పాస్టోరియస్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆయన బేస్ గిటార్‌కు మెట్లు లేవు. వీణకూ గోటువాద్యానికీ ఉన్న తేడా తెలిసినవాళ్లకు అందులోని సుఖం, కష్టం రెండూ తెలుస్తాయి. జారుడు ఎంతైనా ఉంటుంది కానీ స్వరస్థానం చూపించేందుకు ఏమీ ఉండదు, చెవే దిక్కు. ఆయన వాయించిన వెదర్ రిపోర్ట్ బృందం 1977లో చేసిన 'బర్డ్‌లాండ్' మొదట్లో సన్నగా, పైస్థాయిలో ఒక వరుస వస్తుంది. అందరూ గిటార్ అనుకుంటారు. అది జాకో బేసే. ఆ మాట చెప్పి మళ్లీ వినిపించినప్పుడు విద్యార్థుల ముఖాలు చూడటం నాకు ఎన్నేళ్లయినా విసుగనిపించదు.

అపోహ: యాప్ ఎలాగూ సిఫార్సు చేస్తుంది, మనుషులతో పనేముంది?

వాస్తవం: యాప్‌కు మీరు విన్నది తెలుసు. మీరు ఎక్కడ ఆపేశారో కూడా తెలుసు, కానీ ఎందుకు ఆపేశారో తెలియదు. పైగా జాజ్‌లో దారి చూపేవి ఆల్బమ్ మీది పెద్ద పేరు కంటే లోపల చిన్న అక్షరాల్లో ఉండే వాద్యకారుల పేర్లు. డ్రమ్స్ నచ్చితే ఆ డ్రమ్స్ వాయించినవారి వెంట వెళ్లాలి. ఆ పని మనుషులు బాగా చేస్తారు.

అపోహ: పెద్దలు మెచ్చిన రికార్డు నచ్చలేదంటే మన చెవిలోనే లోపం.

వాస్తవం: నా దగ్గర బేస్ నేర్చుకునే ఒక అమ్మాయి మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ'ను ఐదు నిమిషాల్లో ఆపేసింది. వారం రోజులు ఆ సంగతి నాకు చెప్పలేదు. చెప్పాక, ఎందుకు ఆపావమ్మా అని అడిగాను. "అందరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టుంది సర్, ఎవరి మాట వినాలో తెలియలేదు" అంది. "నచ్చలేదు" అని ఊరుకుంటే నేను చేయగలిగేది ఏమీ లేదు. ఈ మాట చెప్పింది కాబట్టి ఏమివ్వాలో వెంటనే తట్టింది. అదే మైల్స్ ఆరు నెలల ముందు, 1969 ఫిబ్రవరిలో రికార్డు చేసిన 'ఇన్ ఎ సైలెంట్ వే'. రికార్డు రెండు వైపులా ఒక్కొక్క పొడవాటి భాగం, నీళ్ల మీద వెలుతురులాంటి సంగీతం. రాత్రి దీపం తీసి, రెండో వైపు ముందు విను అన్నాను.

మరుసటి పాఠానికి రెండు ప్రశ్నలతో వచ్చింది. "మొదట విన్న మెల్లని భాగమే చివర్లో మళ్లీ వచ్చింది. ఒక్క స్వరం తేడా లేకుండా ఎలా వాయించారు సర్?" వాళ్లు రెండోసారి వాయించలేదు. నిర్మాత టియో మసేరో అదే టేపు ముక్కను చివర మళ్లీ అతికించారు. ఎవరూ చెప్పకుండా ఆ అతుకును చెవితో పట్టుకున్న అమ్మాయి తన చెవిలో లోపముందని వారం రోజులు బాధపడింది!

రెండో ప్రశ్న, ఆ ఎలక్ట్రిక్ పియానో వాయించింది ఎవరు అని. ఒక్కరు కాదన్నాను. ఆ రికార్డులో కీబోర్డుల దగ్గర ముగ్గురు కూర్చున్నారు: హెర్బీ హ్యాంకాక్, చిక్ కొరియా, జో జావినుల్. తరువాత హ్యాంకాక్ 'హెడ్ హంటర్స్' ఆల్బమ్ చేశారు. కొరియా 'రిటర్న్ టు ఫరెవర్' బృందం కట్టారు. జావినుల్, అదే రికార్డులో శాక్సఫోన్ వాయించిన వేన్ షార్టర్‌తో కలిసి 'వెదర్ రిపోర్ట్' పెట్టారు. గిటార్ మెక్‌లాఫ్లిన్‌ది.

తన నోట్సు చివరి పేజీలో ఆ పేర్లన్నీ రాసుకుంది. "ఈ ముగ్గురిలో ముందు ఎవరిని వినాలి సర్?" అని అడిగితే, హెడ్ హంటర్స్ మొదటి పాటలో బేస్ వినిపించిన క్షణాన అది ఏ వాద్యమో కనుక్కొని రమ్మన్నాను. తీగలున్న వాద్యం కాదని మాత్రం చెప్పాను.