తాళంచెవి బయోస్‌లో ఉంది

"కొత్త బయోస్ వేశాక 5 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడట్లేదు. పాతది వేస్తే మళ్లీ బాగుంది. ప్రాసెసర్ అదే, కూలర్ అదే, సెట్టింగులూ అవే." ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన వేగానికి మించి పరిగెత్తించడం, దాని జోలికి వెళ్లినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అనే ఉంటారు. వినేవాళ్లకు ఇది చాదస్తంలా తోస్తుంది. వేగం సిలికాన్‌లో ఉండేది కదా, బోర్డు మీద గోరంత చిప్‌లో రాసిపెట్టిన బయోస్ అనే ప్రోగ్రాం మారితే దానికేమవుతుంది? చాలానే అవుతుంది. ఆ చిప్‌కి అంత అధికారం ఎలా వచ్చిందో తెలియాలంటే 1984 దాకా వెళ్లాలి.

ఆ ఏడాది ఐబీఎం తెచ్చిన పీసీ ఏటీలో 80286 ప్రాసెసర్ 6 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచేది. దాని వేగాన్ని నిర్ణయించేది 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి, ప్రాసెసర్ అందులో సగం వేగంతో నడిచేది. దాన్ని సాకెట్‌లోంచి పీకి 16 మెగాహెర్ట్జ్‌ది గుచ్చితే అదే ప్రాసెసర్ 8 దగ్గర పరిగెత్తేది. ఖర్చు తక్కువ, పని చిటికెలో అయిపోయేది. ఐబీఎంకి ఇది నచ్చలేదు. తర్వాత వచ్చిన బయోస్ రోమ్ చిప్‌లలో ఒక స్పీడు పరీక్ష చేర్చింది. మెషీన్ ఆన్ కాగానే ప్రాసెసర్ ఎంత వేగంగా లెక్కపెడుతోందో చూసి, అనుకున్నదానికన్నా ఎక్కువుంటే ఎర్రర్ చూపి ఆగిపోయేది. అంటే ఓవర్‌క్లాకింగ్‌కి ఫర్మ్‌వేర్‌తో (బయోస్‌లా చిప్‌లో రాసిపెట్టిన ప్రోగ్రాంతో) మొదటి పరిచయమే గొడవతో జరిగింది.

తర్వాతి పదేళ్లూ బోర్డు మీద జంపర్ల కాలం. మాన్యువల్ పక్కన పెట్టుకుని, మూత తీసి, చిన్న ప్లాస్టిక్ టోపీలను ఒక పిన్ను మీంచి ఇంకో పిన్ను మీదికి మార్చేవాళ్లు. 1990ల మధ్యలో ఏబిట్ అనే మదర్‌బోర్డు కంపెనీ 'సాఫ్ట్‌మెనూ' పేరుతో ఆ జంపర్లను బయోస్ తెరలోకి తీసుకొచ్చింది. మూత తీయక్కర్లేదు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, కీబోర్డు చాలు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ వచ్చినప్పుడు దీని విలువ తెలిసింది. బోర్డు ఇచ్చే బస్ వేగాన్ని మల్టిప్లయర్ అనే అంకెతో గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. ఆ ప్రాసెసర్ మల్టిప్లయర్ 4.5 దగ్గర బిగించేసి ఉంది, కానీ బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి పెంచితే 300 కాస్తా 450 అయ్యేది. ఏబిట్ బీహెచ్6 బోర్డు ఉన్నవాళ్లకి అది మెనూలో ఒక వరుస. లేనివాళ్లు ప్రాసెసర్ కార్డు అంచున బీ21 అనే పిన్ను మీద సన్నటి టేపు అంటించేవాళ్లు, కొందరు గోళ్లరంగు పూసేవాళ్లు. ఆ పిన్ను తగలకపోతే బోర్డు దాన్ని 100 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ అనుకుని ఆ బస్ ఇచ్చేసేది.

నా ఉద్దేశంలో అసలు మలుపు ఇక్కడుంది. క్రిస్టల్, జంపర్, టేపు మనం చేత్తో పెట్టినవి, మనం తీస్తేనే పోతాయి. మెనూలో వరుస అలా కాదు. అది కంపెనీ రాసింది, తర్వాతి వెర్షన్‌లో చెరిపేయగలదు.

చెరిపేశారు కూడా. 2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్లతో ఇంటెల్ బేస్ క్లాక్‌ని (ఇదివరకటి బస్ వేగం లాంటిదే, మల్టిప్లయర్‌తో గుణించేది) పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా, యూఎస్‌బీలతో, అంటే కార్డులు, డిస్కులు తగిలించే దారులతో ముడిపెట్టింది. నాలుగైదు శాతం దాటి పెంచితే డిస్కులు మాయమయ్యేవి. ఇక పెంచుకోవాలంటే మల్టిప్లయర్ తెరిచి ఉన్న, పేరు చివర 'కె' ఉన్న మోడలే కొనాలి, దానికి తగ్గ చిప్‌సెట్ ఉండాలి. 2013లో హాస్వెల్ తరం వచ్చాక బోర్డు కంపెనీలు కొన్ని చవక బీ85, హెచ్87 బోర్డుల మీద కూడా బయోస్ అప్‌డేట్‌తో ఆ సౌకర్యం ఇచ్చేశాయి. ఇంటెల్ మైక్రోకోడ్ మార్చి ఆ దారి మూసింది.

తర్వాత స్కైలేక్ తరం ప్రాసెసర్ల కాలంలో ఇదే కథ ఇంకా రసవత్తరంగా నడిచింది. ఆ తరంలో బేస్ క్లాక్‌కి పీసీఐ ఎక్స్‌ప్రెస్‌తో ముడి వదులైంది. 2015 డిసెంబరులో కొన్ని బోర్డులకు వచ్చిన బయోస్‌లు 'కె' లేని ప్రాసెసర్ల మీద కూడా బేస్ క్లాక్ పెంచనిచ్చాయి. మల్టిప్లయర్ 27 ఉన్న ఐ5-6400 బేస్ క్లాక్ 160కి తీసుకెళ్తే లెక్క ప్రకారం 4.3 గిగాహెర్ట్జ్ దాటుతుంది. పెట్టె మీద రాసింది 2.7. బోర్డు కంపెనీ ఏఎస్‌రాక్ దీనికి 'స్కై ఓసీ' అని పేరే పెట్టింది. ఊరికే రాలేదు మరి: పవర్ సేవింగ్ స్థితులు పోయేవి, లోపలి గ్రాఫిక్స్ పనిచేసేది కాదు, కోర్ ఉష్ణోగ్రత తప్పుగా చూపేది, ఏవీఎక్స్ లెక్కలు (ఒకేసారి చాలా అంకెల మీద చేసేవి) నత్తనడక నడిచేవి. అయినా జనం ఎగబడ్డారు. 2016 ఫిబ్రవరికల్లా ఇంటెల్ కొత్త మైక్రోకోడ్ ఇచ్చింది, ఏఎస్‌రాక్ తర్వాతి బయోస్‌లలో స్కై ఓసీ కనిపించలేదు. సెక్యూరిటీ మార్పులు కావాలంటే కొత్త వెర్షన్, ఓవర్‌క్లాక్ కావాలంటే పాత వెర్షన్, రెండూ ఒకేచోట దొరకవు.

ఇంతకీ ఈ మైక్రోకోడ్ ఏమిటి? బయోస్ ఫైలు ఒకటే అయినా లోపల ముగ్గురు నలుగురి రాత ఉంటుంది. పునాది ఏఎంఐ లాంటి ఫర్మ్‌వేర్ కంపెనీది. ప్రాసెసర్‌ని నిద్రలేపే భాగం చిప్ తయారీదారుది, ఏఎండీ అయితే దాన్ని 'అజీసా' అంటుంది. మైక్రోకోడ్ ప్రాసెసర్ లోపలి నడతకు దిద్దుబాటు లాంటిది. కరెంటు పోతే పోతుంది, కాబట్టి ప్రతిసారీ ఆన్ కాగానే మళ్లీ ఎక్కించాలి. వీటన్నిటి మీద బోర్డు కంపెనీ తన మెనూలు, వోల్టేజీ పట్టికలు పేరుస్తుంది.

మొదట్లో చెప్పిన "సెట్టింగులూ అవే" అన్న మాటలో బొక్క ఈ పట్టికల దగ్గరే ఉంది. మనం చేత్తో కొట్టినవి పది ఉంటే, 'ఆటో' అని వదిలేసినవి యాభై ఉంటాయి. లోడ్ పడ్డప్పుడు వోల్టేజీ ఎంత జారనివ్వాలి, మెమరీ కంట్రోలర్‌కి ఎంతివ్వాలి, కనిపించని టైమింగులు ఎంతుండాలి, ఇవన్నీ ఆటోలోవే. వెర్షన్ మారితే ఆటో అన్న అక్షరాలు అలాగే ఉంటాయి, దాని వెనకున్న అంకె మారుతుంది. నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. నెలల తరబడి నిలిచిన మెమరీ వేగం కొత్త బయోస్ వేసిన రాత్రి బూటే కాలేదు. లోపం ఎక్కడుందో చూపే బోర్డు అంచు నాలుగు దీపాల్లో మెమరీ పక్కది మాత్రం పచ్చగా వెలుగుతూ కూర్చుంది. దాచుకున్న ప్రొఫైల్‌ని కొత్త వెర్షన్ చదవనంది. నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటే పావుగంట పని, రాసుకోలేదు కాబట్టి రెండు రోజులు. డౌన్‌లోడ్ పేజీలో ఆ వెర్షన్ గురించి రాసింది ఒకటే ముక్క: "సిస్టమ్ స్థిరత్వం మెరుగుపరిచాం."

అప్‌డేట్లు ఎప్పుడూ లాక్కోవడమే కాదు, ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2017 మార్చిలో ఏఎండీ మొదటి రైజెన్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు మెమరీ వేగం దగ్గర జనం తలలు పట్టుకున్నారు. మేలో వచ్చిన అజీసా 1.0.0.6 ఒకేసారి 26 కొత్త మెమరీ సెట్టింగులు తెరిచింది. అదే కిట్, అదే బోర్డు, నిన్న మొండికేసిన వేగం ఇవాళ నిలబడింది. 2019లో రైజెన్ 3000 ప్రాసెసర్లు పెట్టె మీద రాసిన బూస్ట్ వేగాన్ని అందుకోవట్లేదని గోల లేస్తే, సెప్టెంబరులో వచ్చిన వెర్షన్ 25 నుంచి 50 మెగాహెర్ట్జ్ కలిపింది. దాని పేరు 1003 ఏబీబీఏ. కలిపి చదివితే 'అబ్బా'. తెలుగువాడికి ఇంతకన్నా సరిపోయే పేరు ఉండదు. అదే రోజుల్లో చాలా బోర్డుల్లో 16 మెగాబైట్ల బయోస్ చిప్పులు చాలక, కొత్త ప్రాసెసర్లకు చోటివ్వడానికి పాత వాటి మద్దతు తీసేశారు. బోర్డు కంపెనీ ఎంఎస్‌ఐ అయితే కొన్ని బోర్డుల్లో రంగుల మెనూనే కుదించింది.

ఈమధ్య సంగతులు వేరు, ఇక్కడ తాళం వేయడానికి గట్టి కారణాలే ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాయి. మెమరీని వేగంగా నడిపే ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేస్తే బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేది) మితిమీరి ఇస్తున్నాయని తేలింది. ఏఎండీ కొత్త అజీసాతో దాన్ని 1.3 వోల్టుల దగ్గర కట్టేసింది. మరుసటి ఏడాది ఇంటెల్ వంతు. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు గేములు ఆడుతుండగా క్రాష్ అవుతున్నాయి. 253 వాట్ల దగ్గర ఆగాల్సిన ప్రాసెసర్లకు చాలా బోర్డులు 4096 వాట్ల పరిమితి పెట్టాయి, అంటే పరిమితే లేదన్నమాట. దానికితోడు మైక్రోకోడ్ కూడా అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని బయటపడింది. 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ ఆ కోరికలను 1.55 వోల్టుల దగ్గర ఆపింది, సెప్టెంబరులో 0ఎక్స్12బీ వచ్చింది. అప్పటికే అరిగిపోయిన చిప్పులను ఏ వెర్షనూ బాగుచేయలేదు, వాటికోసం ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఈ రెండు విషయాల్లో మాత్రం పాత బయోస్‌ని పట్టుకుని వేలాడటం తెలివి కాదని నా గట్టి అభిప్రాయం.

మిగతా సందర్భాల్లో వెనక్కి వెళ్లాలనుకునేవాళ్లకు దారి అంత సులువుగా లేదు. ఈ వెర్షన్ వేస్తే మళ్లీ పాతదానికి వెళ్లలేరని కొన్ని డౌన్‌లోడ్ పేజీల్లోనే రాసి ఉంటుంది. పట్టువదలనివాళ్లు మూత తీసి, బోర్డు మీది ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్‌కి క్లిప్పు బిగించి, ఇంకో కంప్యూటర్‌లోంచి పాత ఫైలును నేరుగా రాసేస్తారు. క్రిస్టల్ పీకిన రోజుల్లాగే మళ్లీ చేతిపని. రాయడం పూర్తవుతుంది, క్లిప్పు తీస్తారు, బయోస్ తెరలో పాత తేదీ కనిపిస్తుంది. అక్కడినుంచి విండోస్ బూటవుతూ తన దగ్గరున్న కొత్త మైక్రోకోడ్‌ని ప్రాసెసర్‌లోకి మళ్లీ ఎక్కించేస్తుంది.